కుడి ఎద్దు ఆగితే బండి ఎటు తిరుగుతుంది?

ఏనుగులు, అడవిదున్నల వేటకు చేసిన పాత డబుల్ రైఫిళ్లలో, అంటే పక్కపక్కన రెండు గొట్టాలున్న తుపాకుల్లో, ఆ గొట్టాలు రెండూ సమాంతరంగా ఉండవట, నిజమేనా అని ఒక పాఠకుడు అడిగారు. నిజమే. మూతుల వైపు, అంటే గుండు బయటికొచ్చే చివర, ఒకదాన్నొకటి చూస్తున్నట్టు ఉంటాయి. ఎందుకో తెలిసిన రోజు నాకు రాత్రంతా నిద్రపట్టలేదు.

ద్రవ్యవేగ నిత్యత్వ నియమం చెప్పేటప్పుడు బడిలో తుపాకీ బొమ్మ గీస్తారు. గుండు ముందుకు, తుపాకీ వెనక్కి. గుండు బయటికి వెళ్లాకే తుపాకీ తంతుందని పిల్లల మనసులో ఉండిపోతుంది. అక్కడే పొరపాటు. 1898లో తుపాకుల తయారీదారు జాన్ రిగ్బీ తెచ్చిన .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ అనే తూటానే తీసుకోండి. గుండు 31 గ్రాములు, వేగం సెకనుకు 655 మీటర్లు. రైఫిల్ 5 కిలోలు, గొట్టం 66 సెంటీమీటర్లు అనుకుందాం. గుండు మూతి దాటేలోపే రైఫిల్ 4 మిల్లీమీటర్లు వెనక్కి జరిగిపోతుంది!

ఇప్పుడు ఎడ్లబండిని తలచుకోండి. కుడి ఎద్దు ఆగి ఎడమది నడిస్తే బండి కుడికి తిరుగుతుంది. కుడి గొట్టం పేలినప్పుడూ అంతే. తన్ను మధ్యగీతకు కుడిపక్కన పడి, మూతి కుడికి, కాస్త పైకి తిరుగుతుంది. గుండు ఇంకా లోపలే ఉంది. ఎడమది పేలితే ఎడమకు. అందుకే కుడి గొట్టాన్ని ముందుగానే ఎడమవైపు, ఎడమదాన్ని కుడివైపు చూసేలా అతికిస్తారు. పనివాడు కాల్చి చూస్తాడు, టంకం కరిగించి మూతుల మధ్య చీలను జరుపుతాడు, మళ్లీ కాలుస్తాడు. గుండు బరువు మారినా, మందు మారినా ఈ లెక్క తప్పుతుంది. వేడికి కార్డైట్ అనే తుపాకీమందు ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఉష్ణదేశాలకు మందు తగ్గించిన తూటాలు చేసేవారు. గొట్టాలను నేరుగా రాయి మీద ఆనించి కాల్చినా గుండు వేరేచోట పడుతుంది, మధ్యలో చెయ్యి ఉండాలి. ఇవేవీ తెలియనివాళ్లు తుపాకీకి దిష్టి తగిలిందనుకుంటే ఆశ్చర్యమేముంది?

ఇక కొన్ని పాత రైఫిళ్లకు ఉండే హ్యామర్లు, అంటే వెనక బయటికి కనిపించే రెండు సుత్తులు. సుత్తి పడితేనే తూటా పేలుతుంది. అవి ఎత్తి ఉన్నాయో దించి ఉన్నాయో చీకట్లో కూడా బొటనవేలికి తెలుస్తుంది. కానీ సుత్తిని పట్టి ఉంచే లోపలి కొక్కెం అరిగితే మొదటి తన్నుకే రెండో సుత్తి కూడా పడి, రెండు గొట్టాలూ దాదాపు ఒకేసారి పేలవచ్చు. రెండో ట్రిగ్గర్ మీద వేలు ఉంచినా అదే ప్రమాదం. రెండు ఎద్దులూ ఒకేసారి ఆగినట్టే. మూతి పక్కకు తిరగదు, గొట్టాలు మాత్రం ఒకదానివైపు ఒకటి చూస్తూనే ఉంటాయి, కాబట్టి గుండ్ల దారులు ఒకదాన్నొకటి దాటేస్తాయి. మందు వాయువుల తోపుతో కలిపి ఒక్క గుండుకు రైఫిల్ సుమారు సెకనుకు 5 మీటర్ల వేగంతో వెనక్కి వస్తే, రెండింటికి 10. వేగం రెట్టింపు, శక్తి నాలుగింతలు: 250 జౌళ్లు. 5 కిలోల బియ్యం సంచి రెండో అంతస్తు కిటికీలోంచి భుజం మీద పడ్డట్టు.