హెడర్ మారిస్తే పవర్ ఎటు పోతుంది?

ఇంజిన్ నుంచి పొగ బయటికి పోయే మొదటి గొట్టాలనే హెడర్లు అంటారు. కంపెనీ ఇచ్చిన మానిఫోల్డ్ (సిలిండర్ల పొగని ఒకచోటికి చేర్చే భాగం) తీసేసి బయట కొన్న హెడర్ బిగిస్తే కారు పికప్ పెరుగుతుందని కార్ల మీద మోజున్న వాళ్లంతా చెబుతారు. అది నిజమే, కానీ ఏ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్ల సంఖ్య) దగ్గర నిజమో చెప్పకపోతే సగమే చెప్పినట్టు. హెడర్ ఇంజిన్‌కి ఉన్న సత్తాను చాలావరకు ఒకచోట తగ్గించి ఇంకోచోట పెంచుతుంది. ఆ ‘ఇంకోచోటు’ మీరు రోజూ నడిపే ఆర్‌పీఎంలో ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

కదిలే భాగం ఒక్కటి కూడా లేని ఖాళీ గొట్టం ఇంజిన్ ఊపిరిని ఎలా మారుస్తుందో చూడండి. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే అద్భుతంగా అనిపించేది ఇదే.

పిస్టన్ పూర్తిగా కిందికి దిగకముందే ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకుంటుంది. అప్పటికి సిలిండర్‌లో పీడనం బయటి గాలి పీడనానికి కొన్ని రెట్లు ఉంటుంది. వాల్వ్ తెరుచుకోగానే మండిన గ్యాస్ ఒక్కసారిగా గొట్టంలోకి దూకుతుంది. దాంతోపాటు ఒక పీడన తరంగం కూడా బయల్దేరుతుంది. ఈ తరంగం గ్యాస్ కంటే చాలా వేగంగా పరుగెడుతుంది. మామూలు గాలిలో శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తే, ఎర్రగా కాగిన ఎగ్జాస్ట్ గ్యాస్‌లో 550 నుంచి 600 మీటర్ల దాకా వెళ్తుంది.

గొట్టాలన్నీ కలిసే చోటుని కలెక్టర్ అంటారు. అక్కడ దారి ఒక్కసారిగా వెడల్పవుతుంది. తరంగం అక్కడికి చేరగానే అందులో కొంత భాగం తలకిందులై వెనక్కి తిరుగుతుంది. అంటే వెళ్లేటప్పుడు ఎక్కువ పీడనంగా వెళ్లింది, వచ్చేటప్పుడు తక్కువ పీడనంగా వస్తుంది. సరిగ్గా ఇన్‌టేక్ వాల్వ్, ఎగ్జాస్ట్ వాల్వ్ రెండూ కాస్త కాస్త తెరిచి ఉన్న క్షణానికి అది వాల్వ్ దగ్గరికి చేరితే, సిలిండర్ మూలల్లో మిగిలిపోయిన మండిన గ్యాస్‌ని బయటికి లాగేస్తుంది. పిస్టన్ ఇంకా కిందికి దిగడం మొదలుపెట్టకముందే కొత్త గాలి లోపలికి కదలడం మొదలవుతుంది. దీన్నే స్కావెంజింగ్ అంటారు. హెడర్ వల్ల వచ్చే లాభంలో పెద్ద భాగం ఇదే.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం మీద తిరుగుతోంది. తరంగం పోయి రావడానికి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) 120 డిగ్రీలు తిరిగేంత సమయం ఉందనుకుందాం. ఆ సమయం సెకనులో 300వ వంతు. సెకనుకి 550 మీటర్ల వేగంతో ఆ వ్యవధిలో తరంగం వెళ్లగలిగే దూరం సుమారు 1.8 మీటర్లు. రాను పోను కాబట్టి గొట్టం పొడవు 90 సెంటీమీటర్లు ఉండాలి. అదే ఇంజిన్ 3,000 ఆర్‌పీఎం మీద ఉంటే సమయం రెట్టింపు, గొట్టమూ రెట్టింపు, అంటే 1.8 మీటర్లు కావాలి. అంత పొడుగు గొట్టాలు నాలుగు ఇంజిన్ పక్కన ఇమడ్చడం చాలా కష్టం. అందుకే బయట దొరికే హెడర్లలో చాలావాటి ప్రభావం పై ఆర్‌పీఎంలలోనే కనిపిస్తుంది.

గొట్టం పొడవు మారదు, ఆర్‌పీఎం మాత్రం క్షణక్షణం మారుతుంది. కొన్ని ఆర్‌పీఎంల దగ్గర తరంగం వేళకాని వేళలో వచ్చి మండిన గ్యాస్‌ని తిరిగి లోపలికి నెడుతుంది. డైనో (ఇంజిన్ పవర్ కొలిచే యంత్రం) మీద గీసిన టార్క్ (తిప్పే బలం) గీతలో మధ్యలో కనిపించే గుంటల్లో కొన్ని ఇలా పుట్టినవే. అమ్మేవాళ్లు ఎక్కువగా చూపించేది గీత చివర ఉన్న శిఖరాన్ని. ట్రాఫిక్‌లో బండి నడిపే మనిషికి కావాల్సింది మాత్రం 1,500 నుంచి 3,500 మధ్య ఏం జరిగిందన్నది.

గొట్టం లావు సంగతీ ఇంతే. ‘ఇంజిన్‌కి కొంచెం బ్యాక్ ప్రెషర్ (పొగ పోవడానికి ఎదురయ్యే అడ్డు) ఉండాలి’ అనే మాట తరచూ వినిపిస్తుంది. ఇంజిన్‌కి బ్యాక్ ప్రెషర్ అక్కర్లేదు, గ్యాస్ వేగం కావాలి. గొట్టం మరీ లావుగా ఉంటే తక్కువ ఆర్‌పీఎం దగ్గర గ్యాస్ నెమ్మదిస్తుంది, వెనకున్నదాన్ని లాక్కెళ్లే ఊపు పోతుంది. లావు గొట్టం వేశాక కింద పికప్ తగ్గిందంటే కారణం అది. లావైనదే మంచిదనుకుని కొనేవాళ్లని చూస్తే నిజంగా బాధేస్తుంది.

నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి హెడర్లు ప్రధానంగా రెండు రకాలు. నాలుగు గొట్టాలూ ఒకేచోట కలిసేది ఫోర్-వన్. ముందు రెండేసి కలిసి, ఆ రెండూ మళ్లీ ఒకటయ్యేది ఫోర్-టూ-వన్. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు పేలే వరస) 1-3-4-2 అయితే 1ని 4తో, 2ని 3తో కలుపుతారు. అప్పుడు జతలో ఒకదాని గ్యాస్ వచ్చాక రెండోదాని గ్యాస్ రావడానికి క్రాంక్ ఒక పూర్తి చుట్టు తిరగాలి, ఒకదానికొకటి అడ్డుపడవు. ఫోర్-వన్ పై ఆర్‌పీఎంలో ఎక్కువ ఇస్తుంది, ఫోర్-టూ-వన్ మధ్య ఆర్‌పీఎంలో విశాలంగా పంచుతుంది. రోడ్డు మీద తిరిగే కారుకి రెండోదే నయమని నా అభిప్రాయం. చాలా వీ8 ఇంజిన్లలో (వీ ఆకారంలో రెండు వైపులా నాలుగేసి సిలిండర్లు ఉన్నవి) ఒకే వైపున్న సిలిండర్లు సమాన వ్యవధుల్లో పేలవు కాబట్టి చిక్కు ఇంకా ఎక్కువ. 1966లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ రేసు గెలిచిన ఫోర్డ్ జీటీ40లో దీనికోసమే ఎడమ వైపు గొట్టాల్ని కుడి వైపు గొట్టాలతో అల్లి కలిపారు. ఇంజిన్ మీద మెలికలు తిరిగిన ఆ గొట్టాలకి పాముల కట్ట అనే పేరొచ్చింది.

ఇంతుంటే కంపెనీలు పోత ఇనుప మానిఫోల్డ్ ఎందుకు పెట్టాయి? అది చవక, గట్టిది, శబ్దాన్ని అణుస్తుంది, ఇరుకులో సర్దుకుంటుంది, ఏళ్ల తరబడి పగలకుండా ఉంటుంది. పైగా ఇప్పటి కార్లలో చాలావాటికి కంపెనీయే ఉక్కు గొట్టాల మానిఫోల్డ్ ఇస్తోంది. అలాంటి టర్బో (పొగ తాకిడితో టర్బైన్ చక్రం తిరిగి ఇంజిన్‌లోకి అదనపు గాలి నెట్టే పరికరం) లేని కారుకి హెడర్ మారిస్తే వచ్చే లాభం సాధారణంగా కొద్ది శాతమే. పాత వీ8ల్లా ఇరుకు మానిఫోల్డ్ ఉన్నవాటిలో తేడా బాగానే తెలుస్తుంది. టర్బో ఉంటే లెక్క వేరు. అక్కడ దారికి అడ్డం టర్బైనే, పెద్ద గొట్టాలు పెడితే టర్బో అందుకోవడం ఆలస్యమవుతుంది. ఫోర్డ్ 1.0 లీటర్ ఎకోబూస్ట్ లాంటి ఇంజిన్లలో మానిఫోల్డ్ సిలిండర్ హెడ్‌లోనే (సిలిండర్ల పైన వాల్వులుండే భాగం) కలిపి పోత పోశారు, మార్చడానికి విడి భాగమే లేదు.

నష్టాల్లో అందరికీ ముందు తెలిసేది శబ్దం. పలుచని గొట్టం వల్ల రేకు చప్పుడు లాంటి ధ్వని వస్తుంది, దూర ప్రయాణంలో ఆ రొద తలనొప్పి తెప్పిస్తుంది. శబ్దం పెరిగితే పవర్ పెరిగినట్టే అనిపిస్తుంది కూడా, అందుకే చెవిని నమ్మకుండా ముందూ తర్వాతా డైనో మీద పెట్టి చూడాలి.

అంతకంటే ఎక్కువగా ఆలోచించాల్సింది వేడి గురించి. 60 సెంటీమీటర్ల స్టెయిన్‌లెస్ గొట్టం 700 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 7 మిల్లీమీటర్లు సాగుతుంది. ఒక చివర హెడ్‌కి బిగించి ఉంది, ఇంకో చివర కలెక్టర్‌కి వెల్డ్ చేసి ఉంది, ఆ 7 మిల్లీమీటర్లు ఎటు పోవాలి? ప్రతి ప్రయాణంలో ఒకసారి సాగి, ఒకసారి ముడుచుకుంటుంది. చివరికి వెల్డ్ దగ్గర చీలిక వస్తుంది, బోల్టులు వదులవుతాయి, గాస్కెట్ (అతుకులో లీక్ రాకుండా పెట్టే పలుచని పొర) కాలిపోతుంది. మంచి హెడర్లలో కలెక్టర్ దగ్గర ఒకదానిలో ఒకటి జారే కీళ్లు పెట్టేది దీనికోసమే. లోహం కూడా ముఖ్యమే. 304 రకం స్టెయిన్‌లెస్ 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఎక్కువకాలం ఉంటే అందులోని క్రోమియం, కార్బన్‌తో కలిసిపోయి రేణువుల అంచులు బలహీనపడతాయి. 321 రకంలో కలిపిన టైటానియం ఆ కార్బన్‌ని ముందే పట్టుకుంటుంది. మామూలు ఉక్కు హెడర్‌కి పైన పట్టీ చుడితే బానెట్ కింద వేడి తగ్గుతుంది కానీ, పట్టీలో తేమ నిలిచి గొట్టం తొందరగా తుప్పు పడుతుంది. సిరామిక్ పూత మేలు.

లీక్ వస్తే ఇబ్బంది చప్పుడుతో ఆగదు. రెండు పేలుళ్ల మధ్య గొట్టంలో పీడనం పడిపోయినప్పుడు బయటి గాలి ఆ సందులోంచి లోపలికి చొరబడుతుంది. ఆక్సిజన్ సెన్సర్ దాన్ని చూసి పెట్రోల్ చాలట్లేదని ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) చెబుతుంది, ఈసీయూ ఇంకాస్త పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, కారణం ఎవరికీ తట్టదు. హెడర్ వేశాక ఈసీయూని రీమ్యాప్ చేయించకపోతే (అందులోని లెక్కల్ని హెడర్‌కి తగ్గట్టు మార్పించకపోతే) దక్కాల్సిన లాభంలో కొంత దక్కదు, ఆ ఖర్చు కూడా ముందే లెక్కలో ఉండాలి.

ఇక క్యాటలిటిక్ కన్వర్టర్, అంటే పొగలోని విష వాయువుల్ని తగ్గించే పరికరం. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు, దాన్ని తీసేయకూడదు. అది పని మొదలుపెట్టాలంటే 250 నుంచి 300 డిగ్రీల వేడి కావాలి. ఒక ప్రయాణంలో వెలువడే హైడ్రోకార్బన్లలో (మండకుండా మిగిలిన ఇంధనం) పెద్ద వాటా చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి ఒకటి రెండు నిమిషాల్లోనే వస్తుంది. అందుకే కంపెనీలు దాన్ని ఇంజిన్‌కి ఆనించినంత దగ్గరగా పెడతాయి. పొడుగు హెడర్ దాన్ని వెనక్కి నెడుతుంది, వేడెక్కడం ఆలస్యమవుతుంది. కొన్ని హెడర్లు దాన్ని పూర్తిగా తీసేస్తాయి. అప్పుడు చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, పొల్యూషన్ టెస్ట్‌లో బండి తప్పుతుంది. అమెరికాలో కన్వర్టర్ తీసేయడం క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం చట్టవిరుద్ధం, కాలిఫోర్నియాలో అయితే హెడర్‌కి అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన అనుమతి నంబర్ ఉండాలి. చట్టం సంగతి అలా ఉంచినా, కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు మన వెనక నడిచేవాళ్ల ఊపిరితిత్తుల్లోకే వెళ్తాయి. నాలుగు హార్స్‌పవర్ కోసం ఆ పని చేయడం నాకు న్యాయంగా తోచదు.

ట్రాక్ మీద పై ఆర్‌పీఎంలోనే నడిపే కారైతే హెడర్ తప్పక వేయొచ్చు. పాత కారులో పోత ఇనుప మానిఫోల్డ్ ఎలాగూ పగిలితే, కన్వర్టర్‌ని దాని చోటే ఉంచే పొట్టి హెడర్ మంచి ఎంపిక. కొత్త కారు, వారంటీ ఉంది, రోజూ ఆఫీసుకి వెళ్లొస్తారు అంటే కంపెనీది కదపొద్దు.

వేయించుకుంటే మొదటి కొన్ని ప్రయాణాల తర్వాత, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, టార్క్ రెంచ్‌తో బోల్టులు మళ్లీ సరిచూడాలి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే హెడ్ దగ్గర టిక్ టిక్ అని వినిపించి, వేడెక్కాక ఆగిపోతే దాన్ని వదిలేయొద్దు. లోహం సాగి సందు మూసుకుందంతే, లీక్ అక్కడే ఉంది. బోల్టు బిగించినా చప్పుడు పోకపోతే గాస్కెట్ మార్చాలి, అప్పుడే ఫ్లాంజ్ (హెడర్‌ని హెడ్‌కి బిగించే పలక) వంగిందేమో కూడా చూడాలి.