పొద్దు పొడవక ముందు ఏడు గంటలు

కావలిలో మా పెదనాన్నకు సహస్ర చంద్ర దర్శనం చేద్దామని ఇంట్లో పాత పుస్తకం తీశాం. ఆయన పుట్టిన వేళను తాత అందులో రాసిపెట్టారు: 1943 జనవరి 12, ఉదయం 7 గంటలు, పొద్దు పొడవక ముందు, సోమవారం. నేను రాసుకున్న చిన్న పంచాంగం ప్రోగ్రాంలో ఆ తేదీ, వేళ వేస్తే మంగళవారం అని వచ్చింది. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది. జనవరిలో కావలిలో పొద్దు పొడిచేది సుమారు 6.35కి. మరి ఏడింటికి ఇంకా పొడవలేదంటే ఎలా?

తాత సరిగ్గానే రాశారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా, మన గడియారాలను ఒక గంట ముందుకు జరిపారు. అప్పుడు గ్రీనిచ్ కంటే మనం ఆరున్నర గంటలు ముందున్నాం. ఆనాటి ఏడు అంటే ఇప్పటి లెక్కలో ఆరు. నేనేమో కోడ్‌లో గ్రీనిచ్‌తో ఇప్పటి తేడా +5.30 అని చేత్తో రాసేశాను.

ఆ అంకె ఆఫ్‌సెట్ మాత్రమే, గ్రీనిచ్‌తో ఒక క్షణంలో ఉన్న తేడా. టైమ్ జోన్ అంటే ఒక ప్రాంతంలో గడియారం ఎప్పుడు ఎంత మారిందో చెప్పే చరిత్ర. 1906లో భారత ప్రామాణిక కాలం రాకముందు మద్రాసు కాలం గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందుండేది. నెల్లూరు దాదాపు 80 డిగ్రీల రేఖాంశం మీద ఉంది కాబట్టి మన ఎండపొద్దుకు అదే దగ్గర. ఈ మార్పులన్నీ టీజెడ్‌డేటా అనే ఉచిత డేటాబేస్‌లో ఉన్నాయి. +5.30 తీసేసి 'ఏషియా/కోల్‌కతా' అని పేరు ఇచ్చాను. నా ప్రోగ్రాం రాసిన భాష పైథాన్ 1943కి తానే 6.30 తీసుకుంది, సోమవారం వచ్చింది.

జరిగిపోయిన దాన్ని యూటీసీలో, అంటే గ్రీనిచ్ లెక్కన నడిచే ప్రపంచ ప్రామాణిక కాలంలో, దాచుకుంటే చాలు. రాబోయే దానికి అది చాలదు. నెల్లూరులో రొయ్యలు ఎగుమతి చేసే ఒకరికి, బోస్టన్ కొనుగోలుదారుతో ప్రతి సోమవారం అక్కడి ఉదయం 9కి కాల్ ఉంటుందనుకోండి. చలికాలంలో మనకది రాత్రి 7.30. మార్చి రెండో ఆదివారం అమెరికా గడియారం ముందుకు జరిగాక 6.30. దాన్ని యూటీసీలో 14.00 అని దాస్తే, మార్చి తర్వాత అవతలి మనిషి గంటసేపు ఎదురుచూడాల్సిందే. 'ఉదయం 9, అమెరికా/న్యూయార్క్' అని (బోస్టన్‌దీ అదే జోన్) దాచి, ప్రతిసారీ అప్పటికప్పుడు లెక్క కట్టాలి.

మార్చిలో ఆ రాత్రి అక్కడ 2.30 అనే వేళే ఉండదు. నవంబరు మొదటి ఆదివారం గడియారం వెనక్కి జరుగుతుంది కాబట్టి 1.30 రెండుసార్లు వస్తుంది. పైథాన్‌లో వాటిని ఫోల్డ్ విలువతో వేరు చేస్తాం: మొదటిదానికి 0, రెండోదానికి 1.