గుచ్చుకునే నెట్టు గౌను కథ

ప్రియమైన పిల్లలకు,

మొన్న పుట్టినరోజు నాడు గౌను వేసుకున్న పావుగంటకే చిన్నది "అమ్మమ్మా, లోపల గుచ్చుకుంటోంది" అని ఏడ్చింది. ఆ గుచ్చుకునేది క్యాన్‌క్యాన్. గౌన్లూ లంగాలూ గొడుగులా నిలబడాలని మన టైలర్లు లోపల వేసే గట్టి నెట్ గుడ్డ. ఆ పేరు అసలు ప్యారిస్‌లోని ఒక డాన్సుది. లోపావడాల కుచ్చులు కనబడేలా కాళ్లు పైకి విసిరి ఆడేవాళ్లు. గుడ్డకు డాన్సు పేరు ఎలా వచ్చిందో చెబుతుంటే పెద్దవాడు అందుకుని, "మరి బ్యాలే డాన్సు వాళ్ల గౌను పళ్లెంలా అలా అడ్డంగా ఎలా నిలబడుతుంది?" అని అడిగాడు. దాన్ని టూటూ అంటారు. ముప్ఫై ఏళ్లు కూచిపూడి పిల్లలకు డ్రస్సులు కుట్టినదాన్ని, ఆ ప్రశ్నకు ఫోన్లో రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

బ్యాలే మొదట రాజుల ఇళ్లలో ఆట. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ తానే నర్తకుడు. 1653లో, ఇంకా పద్నాలుగేళ్ల కుర్రవాడిగా, బంగారు కిరణాల డ్రస్సు వేసుకుని సూర్యుడి వేషం కట్టాడు. అప్పటి దుస్తులంటే జరీ, విగ్గులు, ఈకలు, ముఖానికి మాస్కులు, మడమల చెప్పులు. 1681లో ప్యారిస్ ఒపెరా వేదిక మీదికి ఆడవాళ్లు వృత్తి నర్తకులుగా వచ్చినప్పుడు వాళ్లకు దక్కింది నేలదాకా జారే బరువు గౌను. కాళ్లు ఏం చేస్తున్నాయో చూసేవాళ్లకు తెలిసేదే కాదు. మగవాళ్ల కాళ్లు మాత్రం హాయిగా కనబడేవి, గంతులన్నీ వాళ్లవే.

ఇక్కడ ఇద్దరు మేరీలు వస్తారు. బ్రస్సెల్స్‌లో పుట్టిన మేరీ కమార్గో 1726లో ప్యారిస్ వేదిక ఎక్కింది. గాల్లోకి ఎగిరి పాదాలను చకచకా ఒకదానిమీదొకటి దాటించే అడుగు ఆమెకు బాగా పట్టుబడింది. ఎవరికీ కనబడకపోతే ఆ సాధన ఎందుకు? గౌను అంచు చీలమండల పైకి తెచ్చింది. నాలుగు వేళ్ల గుడ్డ తగ్గించినందుకే పెద్ద గొడవైంది. రెండో ఆమె మేరీ సాలే. 1734లో లండన్‌లో, శిల్పి చెక్కిన బొమ్మకు ప్రాణం వచ్చే కథలో ఆడుతూ, గౌను లోపలి చట్రాన్నీ విగ్గునూ వదిలేసి, జుట్టు విరబోసుకుని పల్చని మస్లిన్ గుడ్డతో వచ్చింది. ఒకరు పాదాల కోసం, ఒకరు కథ కోసం. నాకు సాలే అంటేనే కొంచెం ఎక్కువ ఇష్టం. రాతిబొమ్మ లేచి నడవాలంటే ఆ డ్రస్సే సరైనదని ఆమెకు తట్టింది.

అసలు టూటూకు అమ్మ లాంటి డ్రస్సు 1832 మార్చి 12న ప్యారిస్‌లో కనబడింది. బ్యాలే పేరు 'లా సిల్ఫీడ్'. మేరీ టాల్యోనీ అనే నర్తకి అడవి దేవకన్య వేషంలో వచ్చింది. బిగుతైన పైభాగం, వీపున చిన్న రెక్కలు, పిక్కల మధ్యదాకా తెల్లటి పల్చని గుడ్డ పొరలు పొరలుగా, గంట ఆకారంలో. మునివేళ్ల మీద లేచి కదులుతుంటే నేలను తాకడం లేదేమో అనిపించేదట. గ్యాసు దీపాల వెలుగు తగ్గించి వెన్నెల రాత్రిలా చేస్తే ఆ తెలుపు పొగలా మెరిసేది. ఇప్పటికీ ఆ పొడుగు రకాన్ని రొమాంటిక్ టూటూ అంటారు.

ఆ గ్యాసు దీపాల గురించి మీకు చెప్పకుండా ఉండలేను. అవి అద్దం బుడ్డిలోని బల్బులు కావు, బయటికి మండే మంటలు. గాలి పోసుకున్న పల్చని గుడ్డకు ఒక్క రవ్వ చాలు. 1844లో లండన్‌లో క్లారా వెబ్‌స్టర్ అనే నర్తకి ఇలాగే కాలిపోయి చనిపోయింది. తరవాత గుడ్డను మందులో ముంచి నిప్పు అంటుకోకుండా చేసే పద్ధతి వచ్చింది. కానీ ముంచిన గుడ్డ బిరుసెక్కేది, తెలుపు మాసిపోయేది. ఎమ్మా లివ్రీ అనే అమ్మాయి, టాల్యోనీ స్వయంగా నేర్పిన శిష్యురాలు, అది నాకు వద్దు, మామూలు గౌనుతోనే ఆడతానని రాసి ఇచ్చింది. 1862 నవంబరులో రిహార్సల్ మధ్యలో గౌనుకు దీపం అంటుకుంది. ఎనిమిది నెలలు బాధపడి 1863 జూలైలో పోయింది. అప్పటికి ఇరవై ఏళ్లే. ఆ డ్రస్సులో కాలగా మిగిలిన ముక్కల్ని ప్యారిస్ ఒపెరా మ్యూజియంలో దాచి ఉంచారు. ఆమెను మొండి పిల్ల అని అనడానికి నాకు నోరు రాదు. బరువెక్కిన గుడ్డతో ఎగరడం ఎంత కష్టమో ఆమెకు తెలుసు. ఆ గుడ్డనే తేలిగ్గా, తెల్లగా ఉంచే మందు కనిపెట్టి ఉండాల్సింది పెద్దవాళ్లు. దీపాలకు తీగ వల కట్టి ఉండాల్సింది కూడా వాళ్లే.

తరవాతి కథ రష్యాలో. ఇటలీ నుంచి వచ్చిన నర్తకులు గిరగిరా తిరగడంలో గట్టివాళ్లు. 1895లో 'స్వాన్ లేక్' అనే బ్యాలేలో పియెరీనా లెన్యానీ ఒంటికాలి మీద 32 చుట్లు తిరిగింది. అలాంటి చుట్లలో మోకాలు, తొడ ఎటు తిరుగుతున్నాయో చూస్తేనే ప్రేక్షకులకు ఆనందం. గౌను మోకాళ్లకు, అక్కడినుంచి ఇంకా పైకి పోయింది. ఇరవయ్యో శతాబ్దంలో పూర్తిగా అడ్డంగా తిరిగి పళ్లెమైంది. టూటూ అనే మాట ఫ్రాన్స్‌లో పసిపిల్లలు పిర్రలకు వాడే ముద్దుమాట నుంచి వచ్చిందంటారు. నవ్వండి, పరవాలేదు.

ఇప్పుడు పెద్దవాడి ప్రశ్నకు వస్తాను. టూటూ లంగా కాదురా, ముందు ఒక చెడ్డీ. దాని మీద నెట్ గుడ్డను కుచ్చులు పోసి వరసలు వరసలుగా కుడతారు, పది పన్నెండు వరసలు. కింద వరసలు పొట్టివి, పైకి పోయేకొద్దీ పొడుగు. చిన్నవి పెద్దవాటిని ఎత్తి పట్టుకుంటాయి. వరసలు విడిపోకుండా లోపల వదులుగా టాకాలు వేస్తారు. బిగించి వేస్తే డ్రస్సు చచ్చిపోతుంది, మరీ వదులైతే వేలాడుతుంది. మధ్యలో ఒక వరసలో సన్నటి తీగ దూరుస్తారు. భద్రం చేసేటప్పుడు తలకిందులుగా వేలాడదీస్తారు, లేదంటే పొరలు బరువుకు వంగిపోతాయి.

ఆ తీగతో ఒక చిక్కు ఉంది. పక్కపక్కన నిలబడ్డ అమ్మాయిల పళ్లేలు ఒకదానికొకటి తగిలి, ఒకరిది వంగితే ఇంకొకరిది లేస్తుంది. న్యూయార్క్‌లో బాలన్‌షీన్ అనే ఆయన కూర్చిన బ్యాలే నృత్యాలకు దుస్తులు కుట్టిన కరీన్‌స్కా 1950 ప్రాంతంలో తీగ తీసేసింది. వరసలు తగ్గించి, పౌడరు పఫ్‌లా మెత్తగా కిందికి వాలేలా చేసింది. పైభాగంలో ముక్కల్ని క్రాస్ కటింగ్‌లో, అంటే ఐమూలగా, కత్తిరించింది. అలా కత్తిరించిన గుడ్డ సాగుతుంది, నర్తకి ఊపిరి పీల్చుకోగలదు. నేను జాకెట్ల చేతులకు చేసే పనే అది! ఆ సంగతి తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమైందో.

మన వైపుకూ ఒక దారి ఉంది. రష్యా నర్తకి అన్నా పావ్లోవా ఇండియాకు వచ్చినప్పుడు, తరవాత భరతనాట్య కళాకారిణి అయిన రుక్మిణీదేవి అరండేల్ ఆమెను కలిశారు, బ్యాలే కూడా కొంత నేర్చుకున్నారు. మన నాట్యం వైపు చూడమని ప్రోత్సహించింది పావ్లోవాయే. రుక్మిణీదేవి భరతనాట్యానికి దుస్తుల్ని కూడా కొత్తగా తీర్చిదిద్దారు. నేను కుట్టే విసనకర్ర కుచ్చిళ్లు అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చోగానే విచ్చుకోవాలి. టూటూ కాలును చూపించాలి, మా కుచ్చిళ్లు కూర్చున్న భంగిమను చూపించాలి.

ఇంకొకటి, మీకు ముఖ్యం. గులాబీ రంగు మేజోళ్లూ బూట్లూ తెల్లవాళ్ల ఒంటి రంగుకు దగ్గరని వచ్చినవి. న్యూయార్క్‌లో 1969లో మొదలైన డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్ నర్తకులు 1970లలో తమ ఒంటి రంగుకు సరిపోయేలా వాటికి రంగు వేసుకున్నారు. గోధుమ రంగు, నల్లటి గోధుమ రంగు బ్యాలే బూట్లు లండన్‌లో ఒక పెద్ద తయారీదారు దగ్గర అమ్మకానికి రావడానికి 2018 దాకా పట్టింది. అన్నేళ్లు ఎందుకు పట్టాలో నాకు ఇప్పటికీ కోపమే.

చిన్నదాని నడుము, నడుము నుంచి మోకాలు దాకా పొడుగు కొలిచి పంపండి. ఈసారి నెట్ నడుము పట్టీ కింద మెత్తటి కాటన్ లైనింగ్ వేసి, కుట్లు లోపలికి మడిచి కుడతాను. గుచ్చుకోదు.

మీ అమ్మమ్మ