52లోంచి 27 తీస్తే 35

రామమూర్తి నగర్,
బెంగళూరు.

చిట్టీ, బుజ్జిగా,

మొన్న ఆదివారం మీరు యలహంక నుంచి వచ్చినప్పుడు చిట్టి తన లెక్కల పేపరు తీసి చూపించింది. 100కి 62. నేను కళ్లజోడు పెట్టుకునేలోపే అది మళ్లీ బ్యాగులోకి వెళ్లిపోయింది. "పేపరు చూసుకున్నావా?" అంటే "చూశా అమ్మమ్మా, 62" అని టీవీ ముందుకు వెళ్లిపోయావు. నాకేం కోపం రాలేదులే. ముప్ఫై ఏళ్లు పేపర్లు దిద్దిన నేను కూడా చాలాకాలం అలాగే చూశాను. మార్కులు కూడి, పైన అంకె వేసి, కట్ట కట్టేస్తే పని అయిపోయేది. ఆ సంగతి చెబుదామనే ఈ ఉత్తరం. ఎదురుగా కూర్చోబెట్టి చెబితే బుజ్జిగాడు మధ్యలో లేచిపోతాడు.

అప్పట్లో కె.ఆర్.పురం దగ్గర ఒక బడిలో చెప్పేదాన్ని. మూడో తరగతికి తీసివేతలు ఇచ్చి నోటు పుస్తకాలు ఇంటికి తెచ్చుకున్నాను. 52లోంచి 27 తీస్తే ఎంత? ఒక పుస్తకంలో 35 అని ఉంది. ఇంటూ కొట్టాను. తర్వాత పుస్తకంలోనూ 35. మళ్లీ ఇంటూ. ఎర్ర పెన్ను అలా నడుస్తూనే ఉంది. పదకొండో పుస్తకం దగ్గర చెయ్యి ఆగింది. ఇంతమంది కలిసికట్టుగా ఒకే తప్పు ఎలా చేస్తారు? కాపీ కొట్టారేమో అనుకున్నాను. టీచర్‌కి ముందు తట్టేది అదే మరి.

మర్నాడు ఒక పిల్లని పిలిచి, తిట్టకుండా, "ఎలా చేశావో చెప్పమ్మా" అన్నాను. ఆ పిల్ల ధీమాగా చెప్పింది: "ఏడులోంచి రెండు తీస్తే ఐదు. ఐదులోంచి రెండు తీస్తే మూడు. ముప్ఫై ఐదు." పైన రెండుంది, కింద ఏడుంది కదా, మరి పైదాంట్లోంచి కదా తియ్యాలి అన్నాను. "మీరే చెప్పారు టీచర్, ఎప్పుడూ పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలని!"

నిజమే. ఆ మాట నాదే. చిన్న తీసివేతలు నేర్పేటప్పుడు ఏళ్ల తరబడి పాటలా పాడించిన మాట. పిల్లలు దాన్ని తుచ తప్పకుండా పాటించారు. ఎర్ర ఇంటూలు పడాల్సింది నాకు.

ఆ పూట పాఠం పక్కన పెట్టేశాను. పది రూపాయల నోట్లు ఐదు, రూపాయి బిళ్లలు రెండు ఆ పిల్ల చేతిలో పెట్టి, "నాకు 27 రూపాయలు ఇవ్వు" అన్నాను. రెండు నోట్లు ఇచ్చింది. ఏడు బిళ్లలు కావాలి, ఉన్నవి రెండే. కాసేపు అటూ ఇటూ చూసి, "ఒక నోటుకి చిల్లర ఇవ్వండి టీచర్" అంది. చిల్లర ఇస్తే బిళ్లలు పన్నెండయ్యాయి. ఏడు లెక్కపెట్టి ఇచ్చింది. దాని దగ్గర రెండు నోట్లు, ఐదు బిళ్లలు మిగిలాయి. ఇరవై ఐదు. పక్కింట్లో అప్పు తేవాలి అని మేం గొంతు చించుకుని చెప్పేది ఇదే. కాకపోతే అప్పు కాదు, చిల్లర మార్చుకోవడం. ఆ మాట నాకు తట్టలేదు, ఎనిమిదేళ్ల పిల్లకి తట్టింది.

ఆ రోజు నుంచి సాయంత్రం ఇంటికొచ్చాక ఒక నోటు పుస్తకంలో రెండు లైన్లు రాయడం మొదలుపెట్టాను. మొదటి వారం రాసినవి ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. "పిల్లలు అల్లరి చేశారు." "క్లాసు బాగా జరిగింది." ఏం బాగా జరిగింది? ఎవరికి? అందులో ఒక్క ముక్క లేదు. పోనుపోను రాయడం తెలిసింది: ఇవాళ ఎవరు ఎక్కడ ఆగారు, అప్పుడు నేను ఏమన్నాను, రేపు ఏం మార్చి చూస్తాను. రోజుకి ఆరు పీరియడ్లు, పైన ఎలక్షన్ డ్యూటీలు, జనాభా లెక్కలు, సిలబస్ అవలేదన్న టెన్షన్. వీటి మధ్య పది నిమిషాలు దొరకడమే కష్టం, కాబట్టి మీ టీచర్లని నేను తప్పుపట్టను. 2020 జాతీయ విద్యా విధానం టీచర్లకి ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణకి అవకాశం ఉండాలంది. అందులో సగమైనా స్లైడ్లు చూడటానికి కాకుండా, తమ క్లాసులో జరిగింది తాము మాట్లాడుకోవడానికి మిగలాలని నా కోరిక. జపాన్‌లో ఒక టీచర్ పాఠం చెబుతుంటే తోటి టీచర్లు వెనక కూర్చుని పిల్లల్ని గమనిస్తారు, తర్వాత అంతా కలిసి ఆ పాఠం గురించి చర్చించుకుంటారు. మా స్టాఫ్‌రూమ్‌లో మేం చర్చించుకున్నవి డీఏ, చీరలు.

అమెరికాలో జాన్ డ్యూయీ అని ఒక తత్వవేత్త ఉండేవాడు. మనం ఎలా ఆలోచిస్తాం అన్నదాని మీదే 1910లో పుస్తకం రాశాడు. నడుస్తున్న దారి రెండుగా చీలి, ఎటు వెళ్లాలో తోచక ఆగినప్పుడే అసలు ఆలోచన మొదలవుతుందంటాడు. పదకొండో పుస్తకం దగ్గర నా చెయ్యి ఆగింది చూడండి, అలాగన్నమాట.

అయితే అన్నిసార్లూ ఆగానని కాదు. ఒక డిసెంబర్‌లో మధ్యాహ్నం గంట కొట్టాక ఒక అబ్బాయి వచ్చి, "మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ల కిందే ఉంటుందన్నారు కదా టీచర్, నాది ఉత్తరంగా ఇంత పొడుగు పడుతోంది" అన్నాడు. "ముందు అన్నం తిను" అని పంపేశాను. రిటైరయ్యాక మేడ మీద మీటరు కర్ర నిలబెట్టి చూశాను. డిసెంబర్ 21 ప్రాంతంలో దాని నీడ సుమారు 74 సెంటీమీటర్లు, ఉత్తరం వైపు. జూన్ 21 నాటికి 18 సెంటీమీటర్లే, అదీ దక్షిణం వైపు! నీడ పూర్తిగా మాయమయ్యేది బెంగళూరులో ఏడాదికి రెండుసార్లే, ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతాల్లో. అదైనా గడియారం 12 చూపించినప్పుడు కాదు, 12 దాటిన ఓ ఇరవై నిమిషాలకి. మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం సమయాన్ని చూపిస్తాయి, బెంగళూరు 77.6 దగ్గరుంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు, లెక్క వేసుకోండి. ఆ అబ్బాయి తన కళ్లతో చూసింది చెప్పాడు, నేను పుస్తకంలోది చెప్పాను. వాడి పేరు కూడా గుర్తులేదు నాకు.

చిట్టీ, పేపరు మళ్లీ చూసుకోమంటే "నేను మొద్దుని" అనుకుంటూ కూర్చోమని కాదు. అది ఆలోచన కాదు, ఏడుపు. తెలియక తప్పు పోయిందా, తొందరలో పోయిందా, లేక నీ లెక్క ప్రకారం అదే రైటా అన్నది చూడు. మూడోదే నాకు బాగా ఇష్టం.

నీ పేపరు బ్యాగులోకి వెళ్లేలోపు పద్నాలుగో ప్రశ్న నా కంటబడింది. 0.5, 0.35లో ఏది పెద్దది? నువ్వు 0.35 అని రాశావు. ఐదు కంటే ముప్ఫై ఐదు పెద్దది కాబట్టి అలా రాశావేమోనని నా అనుమానం. కాకపోయినా కాకపోవచ్చు, ముప్ఫై ఏళ్లలో నా అనుమానాలు చాలాసార్లు తప్పాయి. ఈ ఆదివారం పేపరు తీసుకురా. ఎలా చేశావో నువ్వే చెప్పు, నేను మధ్యలో మాట్లాడను. బుజ్జిగా, నువ్వు మీటరు కర్ర తీసుకురా, పన్నెండుకల్లా మేడ మీదకి వెళ్దాం.

మీ అమ్మమ్మ