ఏట్రియం, మండువా, భవంతి: ఇంటి నడిమి జాగా మీద అపోహలు

హనుమకొండలో ఇళ్ల ప్లాన్లు గీయడం నా పని. ఈ మధ్య చాలామంది ఫోన్‌లో ఫోటో చూపించి "సార్, నడుమ ఇట్లాంటి ఏట్రియం కావాలి" అంటున్నారు. ఫోటోలో ఉండేది అద్దాల కప్పు, దాని కింద సోఫా.

అపోహ: ఏట్రియం అంటే అద్దాల కప్పున్న ఎత్తైన హాలు.

వాస్తవం: అది హోటళ్లు, మాల్స్ నేర్పిన అర్థం. అమెరికాలోని అట్లాంటాలో ఆర్కిటెక్ట్ జాన్ పోర్ట్‌మన్ నడుమ అలాంటి హాలు పెట్టి కట్టిన 22 అంతస్తుల హోటల్ (1967) తర్వాత దానికి ఊపొచ్చింది. అసలు మాట లాటిన్‌ది. రోమన్ల ఇంట్లో గుమ్మం దాటగానే వచ్చే హాలు అది. సాధారణంగా కప్పు నాలుగు దిక్కుల నుంచి లోపలికి వాలి నడుమ చదరంగా తెరిచి ఉండేది, అందులోంచి పడ్డ వాన కింద లోతు తక్కువ తొట్టిలో చేరి అక్కడి నుంచి నేల కింది తొట్టికి పోయేది. అయితే పైన ఏ ఖాళీ లేకుండా పూర్తిగా కప్పేసిన రకాన్ని కూడా ఆనాటి రోమన్ ఆర్కిటెక్ట్ విట్రూవియస్ లెక్కలో వేశాడు, కాబట్టి "తెరిచి ఉంటేనే ఏట్రియం" అని వాదించేవాళ్లదీ పూర్తిగా నిజం కాదు.

అపోహ: లాటిన్‌లో 'ఏటర్' అంటే నలుపు, పొయ్యి పొగకు మసిబారిన గది కనుక ఆ పేరు.

వాస్తవం: అది ఒక ఊహ. ఇటలీలోని పాతకాలపు ఎట్రుస్కన్ జాతివాళ్ల ఊరు ఏట్రియా పేరు నుంచి వచ్చిందని వారో అనే రోమన్ పండితుడు అన్నాడు. రెండూ తేలలేదు, కానీ కాలేజీలో మాకు మొదటిదే ఖాయమన్నట్టు చెప్పారు. అన్నట్టు, గుండెలో మనం కర్ణిక అనే గదికి లాటిన్‌లో ఇదే పేరు, రక్తం ముందు అందులోకే వస్తుంది కదా.

అపోహ: మండువా ఆంధ్రవాళ్లది, మన దగ్గర లేదు.

వాస్తవం: ఉంది, మన దిక్కు దాన్ని భవంతి అంటారు. పుస్తకాల్లో భవంతి అంటే పెద్ద మేడ. ఊళ్లో ముసలివాళ్లను అడగండి, నడుమ ఆకాశం కనిపించే ఇల్లు అంటారు, అది ఒక్క అంతస్తు పెంకుటిల్లయినా సరే. చుట్టూ వసారా, వెనక అర్రలు, వానకు చూరు కింద గంగాళం. రోమన్లను చూసి నేర్చుకున్నదేం కాదు, నాలుగు దిక్కులా కట్టిన చతుశ్శాలల్లో రకాలను వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలోనే బృహత్సంహితలో చెప్పాడు.

అపోహ: పైన అద్దం వేస్తే వాన రాదు, చల్లదనం ఉంటుంది.

వాస్తవం: వాన రాదు, అంతే. పగలంతా ఎండ అద్దంలోంచి దిగి గచ్చును కాలుస్తుంది, ఆ వేడి బయటికి పోదు, పైకి లేచిన వేడిగాలికీ దారి ఉండదు. భవంతి చల్లబడేదే రాత్రి ఆకాశానికి తెరిచి ఉండడం వల్ల. ఒకాయన వద్దన్నా వినకుండా అద్దం వేయించి, మేలో ఆ హాల్లో కూర్చోలేక తీయించాడు. ఇప్పుడు అక్కడ నేల ఆరంగుళాలు దించి, మోరీ వైపు వాలు పెట్టి, పైన ఇనుప గ్రిల్ వేశాం. గ్రిల్ ఎందుకని ఎవరూ అడగరు, మన దగ్గర కోతుల సంగతి తెలిసిందేగా.