వంటింటి సాకెట్‌లో ఎంసీబీకి కనిపించని వేడి

కరెంటు హద్దు మీరితే తనంతట తానే సరఫరా ఆపేసే స్విచ్ ఎంసీబీ ఉంది కదా, వంటింటి వైరింగుకు ఇక భయం లేదని చాలామంది నమ్మకం. కానీ ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. తన గుండా ఎంత కరెంటు పోతోందన్నదే దానికి తెలుసు. లోపమున్న మిక్సీని తడిచేత్తో పట్టుకుంటే ఒంట్లోంచి 50 మిల్లీఆంపియర్లు పోయాయనుకోండి. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. ఆ కాస్త కరెంటుకే గుండె లయ తప్పవచ్చు.

మనిషిని కాపాడే పని ఆర్‌సీసీబీ అనే మరో స్విచ్‌ది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగొస్తోందా అని అది చూస్తుంటుంది. ఇళ్లలో వాడే రకమైతే, తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరగానే 0.3 సెకన్లలోపు సరఫరా ఆపేస్తుంది. షాక్ కొట్టినప్పుడు మనిషి ఎంత కరెంటు వరకు చెయ్యి వదిలించుకోగలడో పరిశోధించిన అమెరికా ప్రొఫెసర్ చార్లెస్ డాల్జీల్ 1961లో ఇలాంటి పరికరాన్ని రూపొందించారు. దీనికి తోడు ఎర్త్ వైరు ఉండాలి. ఎర్త్ ఉంటే ఫేజ్ వైరు ఓవెన్ బాడీకి తగిలిన క్షణమే ఆర్‌సీసీబీ పడిపోతుంది, అంటే ట్రిప్ అయి సరఫరా ఆపేస్తుంది. ఎర్త్ లేకపోతే ఎవరో ఒకరు ముట్టుకున్నాకే పడుతుంది.

ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెంటికీ అందని ప్రమాదం ఒకటుంది. అది లూజ్ కాంటాక్ట్. 230 వోల్టుల లైనులో 2000 వాట్ల కెటిల్ దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. సాకెట్ వెనక స్క్రూ సరిగా బిగియక అక్కడ 0.2 ఓమ్‌ల నిరోధం ఏర్పడితే, ఆ ఒక్క చుక్కంత చోట సుమారు 15 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్ మొన దగ్గర ఉండేంత వేడి అది. లైనులోని కరెంటు మాత్రం ఒక శాతం కూడా మారదు, లీకేజీ అసలే లేదు. ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ అంతా బాగానే ఉందనుకుంటాయి. వేడికి లోహం తుప్పు పడుతుంది, నిరోధం పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. చివరికి ప్లాస్టిక్ కరుగుతుంది. అందుకే నా దృష్టిలో వంటింటి వైరింగు నాణ్యత తేలేది ఖరీదైన స్విచ్చుల దగ్గర కాదు, ఆ స్క్రూల దగ్గరే.

కెటిల్, ఓవెన్, టోస్టర్ మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తే కరెంటు 17 ఆంపియర్లు దాటగలదు. దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ గంట గడిచినా పడకపోవచ్చు. ఆలోగా బోర్డు సన్నవైరు కాగిపోతుంది. బరువైన పరికరాలకు విడివిడి లైన్లు వేయించాలి. 16 ఆంపియర్ల సాకెట్లకు రాగివైరు 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. సాకెట్లు సింకుకు, స్టౌకు దూరంగా ఉండాలి. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్‌ను కొన్ని నెలలకొకసారి నొక్కి చూడాలి.

ప్లగ్గు వేడెక్కినా, సాకెట్ రంగు మారినా, కాలిన వాసన వచ్చినా వెంటనే వాడకం ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. సాకెట్ ఒక్కటీ మార్చి ఊరుకోవద్దు, ప్లగ్గునూ మార్పించండి. నల్లబడ్డ ప్లగ్గు పిన్నులు కొత్త సాకెట్‌లోనూ సరిగా ఆనవు, దాన్నీ కాల్చేస్తాయి.