టెక్సాస్ ఇన్-స్టేట్ ఫీజు: హెచ్-4 వదులుకునే ముందు తెలుసుకోవలసిన అపోహలు, వాస్తవాలు

టెక్సాస్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో, విద్యార్థి ఇన్-స్టేట్ ఫీజుకు, అంటే ఈ రాష్ట్రంలో స్థిరపడినవారికి వేసే తక్కువ ఫీజుకు, అర్హుడా కాదా అని తేల్చే విభాగంలో నేను చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. ఆగస్టు వచ్చిందంటే నా బల్ల ముందు కూర్చునేవారిలో తెలుగువారు తప్పక ఉంటారు. వారిలో ఒకే పొరపాటు చేసి వచ్చేవారు ఏటా కనిపిస్తూనే ఉంటారు. ఈసారి క్లాసులు మొదలైన వారంలోనే ఒక అమ్మాయి వచ్చింది. భర్తది హెచ్-1బి, అంటే ఉద్యోగ వీసా. తనది హెచ్-4, అంటే హెచ్-1బి మీద ఉన్నవారి భార్య లేదా భర్తకు, పిల్లలకు ఇచ్చే వీసా. ఇద్దరూ రెండేళ్లుగా ఇక్కడే కాపురం ఉంటున్నారు. ఎం.ఎస్.లో సీటు రాగానే, స్టూడెంట్ వీసా లేకుండా చదవడం కుదరదని ఎవరో చెబితే, రుసుము కట్టి, నెలల తరబడి ఎదురుచూసి ఎఫ్-1కు, అంటే ఆ స్టూడెంట్ వీసాకు, మారింది. ఒక చేతిలో ఆ అనుమతి పత్రం, మరో చేతిలో అవుట్ ఆఫ్ స్టేట్ బిల్లు. మొదటి కాగితం వల్లే రెండోది వచ్చిందని నేను చెప్పేదాకా ఆమెకు తెలియదు.

అపోహ: చదువుకోవాలంటే హెచ్-4 చాలదు, ఎఫ్-1 తీసుకోవలసిందే.

వాస్తవం: హెచ్-4 మీద పూర్తికాలం చదువుకోవచ్చు. టెక్సాస్ చట్టం ప్రకారం రెసిడెంట్ అనిపించుకోవాలంటే ఇక్కడ డొమిసైల్, అంటే స్థిరనివాసం, ఏర్పరచుకుని, సెన్సస్ డేట్‌కు, అంటే సెమిస్టర్‌లో పన్నెండో క్లాసు రోజుకు, ముందు పన్నెండు నెలల పాటు ఎడతెగకుండా నిలుపుకోవాలి. అయితే స్థిరనివాసం ఏర్పరచుకునే అర్హత కొన్ని వీసాలకే ఉంది. హెచ్-1బి, హెచ్-4, కంపెనీ బదిలీ మీద వచ్చేవారికీ వారి కుటుంబానికీ ఇచ్చే ఎల్-1, ఎల్-2 ఆ జాబితాలో ఉన్నాయి, ఎఫ్-1 లేదు. చదువు ముగిశాక స్వదేశానికి తిరిగి వెళతానని చెప్పి తీసుకునే వీసా కనుక, అది ఉన్నంతకాలం టెక్సాసే నా శాశ్వత నివాసం అనడం చెల్లదు. రెండేళ్లు హెచ్-4 మీద ఉండి సంపాదించుకున్న అర్హతను ఆ అమ్మాయి తన సంతకంతో తానే వదులుకుంది.

అలా వదులుకున్నదాని విలువ తక్కువేమీ కాదు. చట్టం నిర్ణయించిన మూల ట్యూషన్ రెసిడెంటుకు క్రెడిట్ అవర్‌కు 50 డాలర్లు. నాన్‌రెసిడెంటుకు మాత్రం టెక్సాస్ కాక జనాభాలో అతిపెద్దవైన ఐదు రాష్ట్రాలు బయటివారి దగ్గర వసూలు చేసే ఫీజుల సగటును లెక్కగట్టి వేస్తారు. విశ్వవిద్యాలయం సొంతంగా వేసే రుసుములు వీటికి అదనం. రెండేళ్ల ఎం.ఎస్.కు ఈ తేడా ఎంతవుతుందో వేసి చూపిస్తే నా ఎదుట కూర్చున్నవారు కాసేపు మాట్లాడరు.

ఓపీటీ కోసం, అంటే ఎఫ్-1 విద్యార్థులకు చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కోసం, తెలిసే మారేవారు ఉన్నారు. వారిని నేను తప్పు పట్టను. హెచ్-4 మీద అందరికీ పని చేసే అనుమతి రాదు, చదివిన చదువుకు ఉద్యోగం కావాలనుకోవడం న్యాయమే. నేననేదల్లా ఏ సెమిస్టర్‌లో మారితే ఎంత ఫీజు పెరుగుతుందో ముందే లెక్క వేసుకుని, ఇమిగ్రేషన్ న్యాయవాదితోనూ మా వంటి కార్యాలయంతోనూ మాట్లాడాకే దరఖాస్తు పంపమని. వారాంతపు విందులో పక్కన కూర్చున్న అన్నయ్యగారు చెప్పారని పంపవద్దు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. గుంటూరు నుంచి హెచ్-4 మీద వచ్చిన కొత్తలో నేనూ అలాంటి సలహా విని అలాగే మారాను. మావారు కొత్త కారు కోసం దాచిన డబ్బు నా మొదటి రెండు సెమిస్టర్లకే చెల్లిపోయింది. ఆ తరువాత మూడేళ్లు పాత కారుతోనే గడిపాం. వేసవిలో దాని ఏసీ పని చేయకపోతే మావారు ఏమీ అనేవారు కాదు, అద్దాలు దించేవారు.

ఇండియా నుంచి నేరుగా ఎఫ్-1 మీద వచ్చే పిల్లల్లో మరో వదంతి ఉంది: ఏడాది ఇక్కడ ఉంటే రెండో ఏడాది నుంచి ఇన్-స్టేట్ వచ్చేస్తుందట. రాదు. ఎఫ్-1 మీద ఎన్నేళ్లు గడిపినా ఆ కాలం లెక్కలోకి రాదు. ఈ మాట నమ్మి విద్యారుణాన్ని తగ్గించి తీసుకున్న పిల్లవాడు రెండో ఏడాది ఫీజు గడువు నాడు నా ముందు నిలబడితే, కోప్పడాలని కూడా అనిపించదు. వారికి దారి లేకపోలేదు. విశ్వవిద్యాలయం పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లది వస్తే ఇన్-స్టేట్ రేటు ఇవ్వవచ్చు. అయితే అలా ఇవ్వగలిగిన విద్యార్థుల సంఖ్యకు పరిమితి ఉంది. చదువుకు సంబంధించిన పనిలో కనీసం హాఫ్‌టైమ్ టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరినా ఆ రేటే వర్తిస్తుంది. ఇవి ఫీజు మినహాయింపులు మాత్రమే. వీటితో ఎవరూ టెక్సాస్ రెసిడెంట్ అయిపోరు, స్కాలర్‌షిప్ ఆగితే రేటూ మారుతుంది.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. డ్రైవింగ్ లైసెన్సు ఒక్కటే స్థిరనివాసానికి రుజువు కాదు. ఉద్యోగం, సొంత ఇల్లు, సొంత వ్యాపారం, ఇక్కడ స్థిరపడిన వ్యక్తితో వివాహం వంటి ఆధారం ఉండాలి. బాబాయి ఇంటి చిరునామా వేసి దరఖాస్తు నింపితే, బయటపడ్డ రోజున తేడా డబ్బంతా కట్టవలసి వస్తుంది. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఇన్-స్టేట్ రాదన్నది అబద్ధం. భర్త పదేళ్లుగా ఇక్కడ ఉన్నా, నిరుడు వచ్చిన భార్య తన పన్నెండు నెలలు తాను పూర్తి చేసుకోవాలి. ఎఫ్-1 నుంచి అక్టోబరు 1న హెచ్-1బిలోకి మారినవారు తరువాతి ఫాల్‌కు, అంటే ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌కు, కొద్ది వారాల తేడాతో అర్హత తప్పిపోతారు, ఎందుకంటే సెన్సస్ డేట్ సెప్టెంబరులోనే వచ్చేస్తుంది. వారు ఆ తరువాత జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్‌కు దరఖాస్తు చేసుకోవాలి.

2025 జూన్ నాటి కోర్టు తీర్పు విని హెచ్-4 పిల్లల తల్లిదండ్రులు చాలామంది కంగారుగా ఫోన్లు చేశారు. ఆ తీర్పు 2001 నాటి చట్టం కింద చట్టబద్ధమైన స్టేటస్ లేని విద్యార్థులకు దక్కుతున్న ఇన్-స్టేట్ రేటుకు సంబంధించినది. చెల్లుబాటయ్యే హెచ్-4 మీద ఉన్న పిల్లలు ఆ కోవలోకి రారు. దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ఐ-94 గడువు చూసుకుని, ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే ఆమోద పత్రం ఐ-797 ప్రతి సిద్ధంగా పెట్టుకుంటే చాలు. 21 ఏళ్లు దగ్గరపడుతున్న పిల్లలున్నవారు మాత్రం 21 నిండి హెచ్-4 ముగిసేదాకా ఆగకుండా ఏడాది ముందే మా దగ్గరకు రావాలి.

ఆగస్టులో వచ్చిన అమ్మాయికి ఆ సెమిస్టర్ రేటు మార్చడానికి నాకు అధికారం లేదు. ఆమె డిపార్ట్‌మెంట్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తుల గడువు ఇంకా తొమ్మిది రోజులు ఉందని చూసి చెప్పాను. వేరే కాగితం దొరకక, ఆ బిల్లు వెనకే తేదీ రాసుకుని వెళ్లింది.